నా నెత్తుట్లో జోడీ

చావు అంచుదాకా పోయి తిరిగొచ్చినవాడు కాస్త పెద్ద గొంతుతోనే మాట్లాడతాడు, ఓర్చుకోండి. సూరత్‌లో, గోడాదరాలో, మా కార్ఖానాలో సాంచాలు నడిపేవాళ్లం నలభైమందిమి ఉంటాం. మరమగ్గాన్ని మా వైపు సాంచా అంటారు. ఆ నలభైమందిలో జీ-సిక్స్-పీ-డీ అంటే ఏమిటో, అది ఎలా ఉంటుందో, మనిషి ఒంట్లో ఏం పని చేస్తుందో చెప్పగలిగినవాణ్ని నేనొక్కణ్నే. పదో తరగతి తప్పినవాణ్ని. అవును, గొప్పకే చెబుతున్నాను. పుస్తకాలు కొని నేర్చుకున్న చదువు కాదిది, ఒంట్లో నెత్తురు పోగొట్టుకుని నేర్చుకున్నది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. ఒకరి గోలీలు ఇంకొకరు మింగే అలవాటు మా కార్మికుల గదుల్లో ఇవాళ్టికీ ఉంది. "నాకు తగ్గింది, నీకూ తగ్గుతది" అంటాం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

2020 సెప్టెంబరు

లాక్‌డౌన్‌లో ఊరికి పోయి, ఆగస్టులో బస్సెక్కి వెనక్కి వచ్చాం. సగం సాంచాలు దుమ్ముపట్టి ఉన్నాయి. నేనూ మల్లేశం మళ్లీ మా సాంచాల దగ్గరే నిలబడ్డాం. మల్లేశం నా జోడీదారు. జోడీ అంటే ఏమిటో తెలియకపోతే ఈ కథ తెలియదు. సాంచా ఆగకూడదు కాబట్టి ఒక్కో వరసకు ఇద్దరం ఉంటాం. పన్నెండు గంటలు నేను, పన్నెండు గంటలు వాడు. పదిహేను రోజులకోసారి పగలూ రాత్రీ మార్చుకుంటాం. నేను లేచిన స్టూలు మీదే వాడు కూర్చుంటాడు, నేను తాగిన సీసాలోనే వాడు నీళ్లు తాగుతాడు. జోడీలో ఒకడు మంచం పడితే కార్ఖానా యజమాని సేఠ్ ఆ వరసను ఇంకో జోడీకి ఇచ్చేస్తాడు. అందుకే ఒకడికి జ్వరమొస్తే ఇద్దరికీ భయం.

పదేళ్లు అలా గడిచాయి. మల్లేశం నాకంటే ఐదేళ్లు చిన్న. అన్నా అని పిలుస్తాడు. తోడబుట్టినవాడు కూడా అంత నమ్మకంగా పిలవడు.

ఆ నెల మొదట్లో మల్లేశానికి చలిజ్వరం వచ్చింది. గల్లీలో తిరిగే ఆరోగ్యశాఖవాళ్లు వేలు గుచ్చి నెత్తురు చూసి మలేరియా అన్నారు. మూడు రోజులు వేసుకోమని కొన్ని గోలీలు ఇచ్చారు. జ్వరం మళ్లీ తిరగబెట్టకుండా పద్నాలుగు రోజులు వేసుకోమని ఇంకో చిన్న గోలీల షీటు ఇచ్చారు. నాలుగో రోజుకే వాడు లేచి కూర్చున్నాడు. జ్వరం పోయాక గోలీ ఎందుకని మిగతా పది జేబులో పెట్టుకున్నాడు.

వారం తిరిగేసరికి నాకు జ్వరం. ఒళ్లంతా వణుకు.

"అన్నా, గిదే. నాకు గూడ అచ్చం గిట్లనే అయింది" అన్నాడు మల్లేశం, షీటు నా చేతిలో పెట్టి. "దవాఖానకు పోకు. పోతే కరోనా అని పట్కపోతరు. పదిహేను దినాలు లోపలేస్తరు. సాంచాలు పాయె."

"రోజుకొక్కటేనా?"

"నాకైతే ఒక్కటే చెప్పిన్రు. నీకు తొందరగ తగ్గాలె గద, రెండేస్కో."

రెండేసుకున్నాను. వాడిని తప్పుపట్టడం లేదు. నేనే వాడి స్థానంలో ఉంటే నేనూ ఆ మాటే అనేవాణ్ని. జోడీలో ఒకడిది ఇంకొకడికి పనికిరాదని మాకెవరికీ తోచలేదు.

మూడో రోజు మూత్రం నల్ల చాయ్ రంగులో వచ్చింది. ఎండ వేడి అనుకున్నాను. నడుములో ఎవరో పలుగు దింపినట్టు నొప్పి. నాలుగో రోజు కార్ఖానా మెట్లు ఐదు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. తెగిన పోగు ముడి వేస్తుంటే కళ్లు బైర్లు కమ్మి సాంచా మీదికి ఒరిగిపోయాను. పక్క వరసవాడు సాంచా ఆపకపోతే చెయ్యి పోయేది.

మేనేజరు పరుగెత్తుకొచ్చి, వేలికి తగిలించి ఊపిరి కొలిచే మీటరు పెట్టాడు. ఎనభై ఐదు చూపించింది. ఆ రోజుల్లో ఆ అంకె అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నా చుట్టూ ఉన్నవాళ్లందరూ పది అడుగులు వెనక్కి జరిగారు. వాళ్లనేం అనను, నేనైనా జరిగేవాణ్నే. జరగనివాడు మల్లేశం ఒక్కడే. నన్ను భుజాన వేసుకుని బయటికి తీసుకొచ్చాడు. మూడు ఆటోలు ఆగి, నా మొహం చూసి పోయాయి. నాలుగోది లింబాయత్ నుంచి వస్తోంది. ఆ ముసలి డ్రైవరు రుమాలు తడిపి ముక్కుకు కట్టుకుని, "బైఠో భాయ్, అల్లా మాలిక్" అన్నాడు. ఆయన పేరు కూడా నాకు తెలియదు. ఇప్పటికీ లింబాయత్ ఆటో కనిపిస్తే లోపలికి తొంగి చూస్తాను.

ఆసుపత్రి బయట టెంటు వేశారు. నేల మీద సుద్దతో గుండ్రాలు గీసి, ఒక్కో గుండ్రంలో ఒక్కో కుర్చీ పెట్టారు. ముక్కులో పుల్ల పెట్టి, ఫలితం వచ్చేదాకా కదలొద్దన్నారు. నా భార్య సుగుణ, కూతురు మౌనిక గేటు బయట నిలబడ్డారు. అంత దూరం నుంచి సుగుణ ఏడుస్తోందో నన్ను తిడుతోందో తెలియలేదు. రెండూ చేసిందని తర్వాత మౌనిక చెప్పింది. పక్క గుండ్రంలో ఒక గుజరాతీ పెద్దావిడ కూర్చుని ఉంది. నన్ను చూసి చూసి, సంచిలోంచి ఒక నారింజ పండు తీసి నేల మీద నావైపు దొర్లించింది. చేతికి ఇవ్వడానికి లేదు కదా. తినే ఓపిక లేక దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చచ్చిపోతానని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే. ఇంటర్‌లో చేరిన పిల్లకు పుస్తకాలైనా కొనలేదని ఏడుపు వచ్చింది.

కరోనా లేదన్నారు. మలేరియా కూడా లేదు, మొదట వచ్చింది ఏదో మామూలు జ్వరమేనన్నారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. మూతికి ఆక్సిజన్ పెట్టినా మీటరులో అంకె కదలలేదు. సూదితో తీసిన నెత్తురు ఎర్రగా లేదు, పాత బెల్లం పానకంలా ఉంది. కళ్లు పచ్చగా ఉన్నాయి. డాక్టరమ్మ ఆ ప్లాస్టిక్ సూటులోంచి వంగి నా కళ్లలోకి చూసింది.

"కోయీ దవా లీ హై?" ఏదైనా మందు వేసుకున్నావా అని అడిగింది.

"నహీ" అన్నాను.

ఎందుకన్నాను? ఇంకొకడి గోలీలు మింగానని చెప్పడానికి సిగ్గు. మల్లేశాన్ని పిలిచి అరుస్తారేమోనని భయం. అన్నిటికంటే ఎక్కువ నా మొండితనం. నాకు అది ఎప్పుడూ ఉంది, ఎవరైనా అడిగితే అసలు చెప్పను. ఆమె మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నహీ అన్నాను. ఒక్క అబద్ధం మూడుసార్లు చెప్పడానికి ఎంత ఊపిరి కావాలో, అంత ఊపిరి ఇంకా ఉంది నాలో.

నెత్తురు ఎక్కించాలన్నారు. ఆ రోజుల్లో నెత్తురు దొరకడం కష్టం, ఎవరూ బయటికి రావడం లేదు. మల్లేశం నేనిస్తానని రక్తం తీసుకునే గదికి పోయాడు. అక్కడ కాగితం పట్టుకున్న మనిషి వరసగా ప్రశ్నలడిగాడు. ఈమధ్య జ్వరం వచ్చిందా? మలేరియా వచ్చిందా? వచ్చిందన్నాడు మల్లేశం. అయితే నీ నెత్తురు పనికిరాదు, గోలీల కోర్సు పూర్తి చేశావా అని అడిగాడు ఆయన.

"లే సాబ్. మిగిలినయి మా అన్నకిచ్చిన."

ఆ మాట బయటికి వచ్చాక వాడికే ఏదో తట్టింది. చెప్పులు అక్కడే వదిలేసి డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. నా చొక్కా జేబులోంచి, నాలుగే గోలీలు మిగిలిన షీటు తీసి చూపించాడు. ఆమె ఆ షీటు చూసి, నన్ను చూసి, నెత్తి కొట్టుకుంది. ప్లాస్టిక్ టోపీ మీద ఆ దెబ్బ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ గోలీ కొందరి నెత్తురులో ఎర్రకణాలను పగలగొడుతుందనీ, ఇంకో రెండు రోజులు మింగి ఉంటే నేను మాట్లాడేవాణ్నే కాదనీ చెప్పింది. ఎవరో ఇచ్చిన నెత్తురు రెండు సీసాలు ఎక్కించారు. ఎనిమిదో రోజు ఇంటికి పంపించారు.

సుగుణ మల్లేశాన్ని గడప తొక్కనివ్వలేదు.

"నా మొగన్ని సంపుదామనుకున్నవా? గోలీలు పంచుతున్నవా, మిఠాయి లెక్క?"

"వదినా, నాకు తెల్వదు..."

"తెల్వనోనివి ఎందుకిచ్చినవ్? నా ఇంట్ల అడుగు పెట్టకు."

వాడు తలవంచుకుని పోయాడు. నేను మంచం మీదినుంచి పిలవాల్సింది. పిలవలేదు. ఆ నెలాఖరుకు వాడు మా కార్ఖానా వదిలి, సూరత్ దగ్గరి కిమ్ అనే ఊళ్లో ఇంకో మిల్లులో చేరాడని తెలిసింది. పదేళ్ల జోడీ ఒక్క షీటు గోలీలతో తెగిపోయింది.

2021 జనవరి

ఆసుపత్రిలో ఉన్నప్పుడు జీ-సిక్స్-పీ-డీ అనే ఎంజైమ్ పరీక్ష చేస్తే మామూలుగానే ఉందని వచ్చింది. డాక్టరమ్మ నమ్మలేదు. పగలాల్సిన పాత కణాలన్నీ పగిలిపోయి ఇప్పుడు కొత్తవే మిగిలాయి, పైగా వేరేవాళ్ల నెత్తురు కలిసింది, మూడు నెలలు ఆగి మళ్లీ రా అంది. నేను పోనన్నాను. బాగైనవాడికి పరీక్షేమిటని నా వాదన. మౌనిక నా చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

"బాపూ, నడువు. నువ్వు రాకుంటే నేను గూడ కాలేజీకి పోను. బస్, ఖతం."

ఆ పిల్ల పుట్టింది ఇక్కడే. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, స్నేహితురాళ్లతో గుజరాతీ. మొండితనం మాత్రం అచ్చంగా నాదే.

ఈసారి పరీక్షలో ఆ ఎంజైమ్ నాలో చాలా తక్కువని తేలింది. ఎంజైమ్ అంటే ఒంట్లో పనులు జరిపించే పనివాడు. ఇది పుట్టుకతో వచ్చిందనీ, మగవాళ్లకు తల్లి నుంచి వస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. సుగుణ వెంటనే నావైపు తిరిగింది.

"ఏందో అనుకున్న. మీ అవ్వ నీకు ఆస్తి ఏం ఇయ్యలే అంటవ్ గద, ఇగో ఇచ్చింది."

నాలుగు నెలల తర్వాత మా ఇంట్లో మొదటి నవ్వు అదే.

ఆ సాయంత్రం మౌనిక నన్ను కూర్చోబెట్టి చెప్పింది. తన పాఠంలో ఉన్నది కొంత, ఫోన్లో వెతికింది కొంత. నెత్తుటి ఎర్రకణం ఊపిరిని మోసుకు తిరుగుతుంది కాబట్టి ఇనుములాగా దానికి తుప్పు పట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆ తుప్పును ఎప్పటికప్పుడు తుడిచే సరుకు ఒకటి కావాలి. చక్కెర నుంచి ఆ సరుకు తయారుచేసే పనిలో మొదటి మెట్టు ఈ ఎంజైమ్‌దే. మిగతా కణాలకు ఆ పనికి వేరే దారులున్నాయి, ఎర్రకణానికి ఇదొక్కటే దారి. పైగా ఎర్రకణం కొత్త ఎంజైమ్‌ను చేసుకోలేదు. పుట్టినప్పుడు తెచ్చుకున్నదానితోనే చచ్చేదాకా బతకాలి.

"మరి అది ఎట్ల ఉంటది చూడనీకి?" అని అడిగాను.

"ఐదొందల పైచిలుకు పూసల దండ ఉంటది బాపూ. అది ముడుచుకుని ఒక గడ్డ లెక్క అయితది. కానీ ఆ ఒక్క గడ్డతోని పని కాదు. అసొంటిదే ఇంకోటి వచ్చి దానికి ఆనుకోవాలె. రెండు కలిస్తెనే పని షురూ. విడివిడిగ ఉంటె రెండూ బేకార్."

"అంటే జోడీ."

"హా బాపూ, జోడీ."

నాలాంటివాళ్లలో ఆ దండలో ఒక్క పూస తేడా ఉంటుందట. అన్ని వందల్లో ఒక్కటి. దాంతో గడ్డ సరిగా ముడుచుకోదు, జోడీ తొందరగా వదులైపోతుంది. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తుంది. ఆ గోలీ లాంటిది లోపలికి పోయి ఒక్కసారిగా తుప్పు పెంచితే తట్టుకోలేదు. నలభై రెండేళ్లు నేను ఆ వదులు జోడీతోనే బతికాను, ఇల్లు కట్టాను, పిల్లను కన్నాను, రోజుకు పన్నెండు గంటలు నిలబడ్డాను. ఆ మాట తెలిసినప్పుడు నాకు బాధ కలగలేదు. నా నెత్తురు మీద గౌరవం కలిగింది.

బాధ ఇంకో మాటకు కలిగింది. తండ్రిలోని ఆ తేడా కూతురికి తప్పకుండా వస్తుందట. ఆడవాళ్లకు ఇంకో మంచి దండ కూడా ఉంటుంది కాబట్టి చాలామందికి ఏమీ కాదు, కానీ తన కొడుకులకు రావచ్చు. మౌనిక ఆ సంగతి పాఠం చదివినట్టు చెప్పేసి, పుస్తకం మూసి వంటింట్లోకి పోయింది.

మా అక్కకు కూడా అమ్మ నుంచి వచ్చి ఉండొచ్చు. అక్క కొడుకు రవి అప్పటికే కిమ్‌లో దారం కంపెనీలో పని చేస్తున్నాడు. ఇరవై మూడేళ్లు. ఫోన్ చేసి పరీక్ష చేయించుకోరా అన్నాను.

"నాకేమైంది మామా, గుర్రం లెక్క ఉన్న."

"నేను గూడ గుర్రం లెక్కనే ఉంటిని రా."

నవ్వి పెట్టేశాడు. పది సార్లు చెప్పాను, పది సార్లూ నవ్వాడు. ఆ గోలీ మా నెత్తురు పంచుకున్నవాళ్లెవరి నోట్లోకీ మళ్లీ పోకూడదు. రాత్రీ పగలూ నాకదే ధ్యాస.

డాక్టరమ్మ ఒక కార్డు రాసిచ్చింది. ఏ మందులు వేసుకోకూడదో అందులో ఉంటుంది. చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటుంది. బట్టల్లో వేసే డాంబరు గోలీల పేరు కూడా అందులో ఉంది. సుగుణ అప్పటికప్పుడు చీరల పెట్టె తిరగేసి వాటన్నిటినీ తీసి పారేసింది. ఆ ఏప్రిల్‌లో కరోనా మళ్లీ విరుచుకుపడి, ఎవరికి తోచిన గోలీ వాళ్లు మింగుతుంటే, నేను గది గదికీ తిరిగి మందుల చీట్లు లాక్కుని చూశాను. డాక్టరు ఎవరు, ఎవరికి రాశారు, ఎన్ని రోజులకు అని అడిగేవాణ్ని. నాకు గోలీ పోలీసు అని పేరు పెట్టారు. ఆ పేరంటే నాకు ఇష్టం.

2021 సెప్టెంబరు

ఆ రోజు నాది పగటి షిఫ్టు. సాంచాల మోతలో ఫోన్ వినపడదని ఇంట్లోనే వదిలిపోతాను. పొద్దున పదకొండింటికి అక్క ఫోన్ చేస్తే సుగుణ తీసింది. రవికి నాలుగు రోజులుగా జ్వరమట, నిన్న సాయంత్రం మలేరియా అన్నారట, ఇవాళ్టి నుంచి వేసుకోమని పద్నాలుగు రోజుల గోలీలు ఇచ్చారట. ఇప్పుడు వాడు ఫోన్ ఎత్తడం లేదట.

సుగుణ రవికి ఐదు సార్లు చేసింది. ఎత్తలేదు. కిమ్ ఇక్కడికి రైలు దూరం. కార్ఖానాకు వచ్చి నాకు చెప్పి, నేను బయల్దేరి పోయేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అప్పుడామె, కిమ్‌లోనే ఉన్న, ఏడాదిగా పేరెత్తని మనిషి నంబరు వెతికి నొక్కింది.

"మల్లేశం, నేను వదినను."

జేబులో ఫోన్ అదురుతుంటే తీసినవాడు, ఆ మాట వినగానే సాంచాల మోత నుంచి బయటికి వచ్చాడట.

"చెప్పు వదినా."

ఆమె సంగతీ, రవి గది ఎక్కడో కూడా చెప్పింది. వాడు ఇంకో మాట అడగలేదు. నడుస్తున్న ఆరు సాంచాలూ ఆపేశాడు. షిఫ్టు మధ్యలో సాంచాలు ఆపడమంటే మా పనిలో ఎంత పెద్ద మాటో బయటివాళ్లకు తెలియదు. సూపర్‌వైజరు అరుస్తుంటే వినకుండా రవి గదికి పరుగెత్తాడు. జ్వరం మత్తులో పడి ఫోన్ ఎత్తని రవి, అప్పుడే లేచి ఇంత అన్నం తిని, ఒక చేత్తో నీళ్ల గ్లాసు, ఇంకో చేత్తో షీటు పట్టుకుని ఉన్నాడు.

"మల్లేశం మామా, చిన్న గోలీయే గద..."

"చిన్నదే రా. మీ మామ గూడ గా చిన్నదే మింగిండు."

షీటు గుంజుకుని, రవిని లేపి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. ముందు ఆ ఎంజైమ్ పరీక్ష చేయమని డాక్టరుతో తగువు పెట్టుకున్నాడట, ఫోన్లో నా కార్డు ఫొటో చూపించి. ఆ ఫొటో మౌనిక వాడికి ఎప్పుడో పంపిందని నాకు ఆ రోజే తెలిసింది. మర్నాడు ఫలితం వచ్చింది. రవిలో కూడా అదే లోటు. నాకంటే ఇంకా తక్కువ. డాక్టరు వాడికి మందు మార్చి, తన కళ్ల ముందు ఉంచుకుని వైద్యం చేశాడు. ఆ గోలీ చెడ్డది కాదు, మల్లేశం లాంటివాళ్లకు జ్వరం తిరగబెట్టకుండా కాచేది అదే. ఎవరి నెత్తురు ఎలాంటిదో చూడకుండా మింగడమే చెడు.

ఆ ఆదివారం మల్లేశం మా ఇంటికి వచ్చాడు. గడప అవతలే నిలబడ్డాడు. ఏడాదిలో చిక్కిపోయాడు. సుగుణ తలుపు పూర్తిగా తీసింది.

"ఏంది, గక్కడ్నే నిలవడ్డవ్? లోపలికి రా. చాయ్ పెడ్త."

వాడు వచ్చి నా ముందు స్టూలు మీద కూర్చున్నాడు. జేబులోంచి గోలీల షీటు తీసి నా అరచేతిలో పెట్టాడు. ఏడాది కిందట కూడా ఇలాగే పెట్టాడు.

"లెక్కపెట్టుకో అన్నా."

లెక్కపెట్టాను. పద్నాలుగూ ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. వాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు, నేను తిప్పుకోలేదు. ఇద్దరిలో ఎవరు ముందు ఏడ్చామో మాత్రం అడగకండి. సుగుణ మూడు కప్పులు తెచ్చి మా పక్కనే కూర్చుంది.

సోమవారం సేఠ్ దగ్గరికి ఇద్దరం కలిసి పోతే, పాత వరస మళ్లీ మా జోడీకే ఇచ్చాడు. పగలు నేను, రాత్రి వాడు. పదిహేను రోజులకోసారి మారుతున్నాం. మా వరసలో సాంచాలు మళ్లీ ఆగలేదు.